ఊదకపోతే కేసు ఉండదని ఎవరు చెప్పారు?

ప్రశ్న: లాయరు గారూ, నమస్తే. మాది విశాఖపట్నంలో గాజువాక, పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, వయసు 34. పోయిన నెల ఒక శనివారం రుషికొండ వైపు మా సెక్షన్ వాళ్ల పార్టీకి వెళ్లాను. రెండు బీర్లు తాగాను, అంతే. హైవే మీద చెకింగ్ ఉంటుందని బీచ్ రోడ్డు మీదుగా కార్లో వస్తుంటే తెన్నేటి పార్కు దాటాక ఆపారు. టైము 11.20. మెషిన్లో ఊదమన్నారు. మా బావ డల్లాస్‌లో ఉంటాడు. 'ఎప్పుడైనా ఆపితే ఊదొద్దు, రీడింగ్ లేకపోతే కేసు నిలబడదు, లాయర్ కావాలని అడుగు' అని చాలాసార్లు చెప్పాడు. అదే మాట చెప్పి ఊదలేదు. కాస్త గొంతు కూడా పెంచాను. స్టేషన్‌కి తీసుకెళ్లి మళ్లీ ఊదమన్నారు, అక్కడా ఊదలేదు. అప్పుడు కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చూసి రక్తం తీశారు, అప్పటికి 12.45. లైసెన్స్ తీసుకుని రసీదు ఇచ్చారు. తెల్లవారుజామున మా తమ్ముడు వచ్చి పూచీ ఇస్తే పంపించారు. ఇప్పుడు కోర్టుకి రమ్మని నోటీసు వచ్చింది. ఊదకపోవడం నా హక్కు కాదా? రీడింగే లేదు కాబట్టి కేసు కొట్టేస్తారా? లేకపోతే నేరం ఒప్పేసుకుని ఫైన్ కట్టేస్తే పోతుందా? రోజూ ఆ రసీదు జేబులో పెట్టుకునే కారులో డ్యూటీకి వెళ్తున్నాను. ఉద్యోగం, పాస్‌పోర్టు గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు.

సమాధానం: మీరు అడిగినవన్నీ తర్వాత చూద్దాం. మీరు అడగకుండా మాట వరసకి చెప్పి వదిలేసిన సంగతి ఒకటుంది, నాకు భయం వేసింది అక్కడే. ఆ రసీదుతో కారు నడుపుతున్నానన్నారు. ఈ రోజు నుంచి ఆపేయండి. రేపటి నుంచి కాదు, ఈ రోజు నుంచే.

చాలామంది చేసే పొరపాటే ఇది. మామూలుగా పోలీసులు ఏదో కారణంతో లైసెన్స్ తీసుకుని రసీదు ఇస్తే, లైసెన్స్ తిరిగి వచ్చేదాకా ఆ రసీదుతో నడపొచ్చు, అది పాత పద్ధతి, ఇప్పటికీ ఉంది. కానీ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు సెక్షన్ 206కి నాలుగో ఉపవిభాగం ఒకటి కలిపారు. తాగి నడపడం, అతివేగం, ప్రమాదకరంగా నడపడం లాంటి కొన్ని నేరాల్లో పోలీసులు లైసెన్స్ తీసుకుని రవాణా శాఖకి పంపాలి, రసీదు ఇవ్వాలి, కానీ లైసెన్స్ చేతికి తిరిగి వచ్చేదాకా ఆ రసీదు బండి నడపడానికి అనుమతి కాదు అని అందులో స్పష్టంగా రాశారు. అంటే మీ జేబులో ఉన్నది మీ లైసెన్స్ వాళ్ల దగ్గర ఉందని చెప్పే కాగితం మాత్రమే. దానితో నడుపుతూ దొరికితే లైసెన్స్ లేకుండా నడిపినట్టు లెక్క, దానికి 5,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ లోపు ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఎవరికైనా చిన్నగా గుద్దారనుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి మీరే చేతులారా సాకు ఇచ్చినట్టు. కంపెనీ బస్సు ఉంటే ఎక్కండి, లేకపోతే సిటీ బస్సు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఊదకపోవడం హక్కా?

మన దేశంలో ఊదనన్నందుకే విడిగా ఒక నేరం, దానికో శిక్ష అని చట్టంలో లేదు. ఇంగ్లండులో ఉంది, అక్కడ సరైన కారణం లేకుండా శ్వాస నమూనా ఇవ్వకపోవడమే నేరం. ఇక్కడ అలా లేదు కాబట్టి మీ బావ మాటలో అరపావు నిజం ఉందనుకుందాం. కానీ మన చట్టం ఊదనివాణ్ణి ఊరికే వదిలేయలేదు, వాడి కోసం మూడు సెక్షన్లు వరసగా పెట్టింది, 203, 204, 205. ఆ రాత్రి మీకు జరిగినదంతా ఆ వరసలోనే జరిగింది.

203 ఏమంటుందంటే, యూనిఫాంలో ఉన్న పోలీసుకి మీరు తాగి నడుపుతున్నారని అనుమానించడానికి తగిన కారణం ఉంటే ఊదమని అడగొచ్చు. మీరు ఊదనన్నా, ఊదలేకపోయినా, మీ ఒంట్లో మందు ఉందని ఆయనకి సహేతుకమైన అనుమానం ఉంటే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. స్టేషన్‌కి తీసుకెళ్లాక మళ్లీ ఒకసారి ఊదే అవకాశం ఇవ్వాలి. మీకు ఇచ్చారు. నిజానికి అది మీకోసం పెట్టిన అవకాశం, రోడ్డు మీద కంగారులోనో కోపంలోనో వద్దన్నవాడు కాస్త స్థిమితపడి ఆలోచించుకుంటాడని. మీరు దాన్ని కూడా వదులుకున్నారు.

అక్కడి నుంచి 204. ఊదడానికి ఒప్పుకోనివాణ్ణి రక్తం ఇవ్వమని అడగొచ్చు, రిజిస్టర్డ్ డాక్టరు తీయాలి. 'రక్తం కూడా ఇవ్వనంటే?' అని మీ బావ అడగొచ్చు. అరెస్టయిన మనిషిని డాక్టరు చేత పరీక్ష చేయించడానికి, అవసరమైన మేరకు బలం వాడటానికి కూడా వీలిచ్చే నిబంధన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 53గా ఉండేది, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో అదే 51. రక్తం పరీక్ష అందులో మాటకి మాట ఉంది. నా మీద నేనే సాక్ష్యం ఇచ్చుకోవక్కర్లేదు కదా, రాజ్యాంగం ఉంది కదా అంటారు కొందరు, అందులోని 20(3) అధికరణ గురించి. ఆ రక్షణ నోటితో చెప్పే, రాసిచ్చే వాంగ్మూలానికే గానీ వేలిముద్రలకీ చేతిరాత నమూనాలకీ వర్తించదని 1961లోనే సుప్రీంకోర్టు పదకొండు మంది జడ్జిల బెంచి తేల్చేసింది, కాఠీ కాలూ కేసు అంటారు దాన్ని. ఊపిరి, రక్తం కూడా ఆ గాటనే కడతారు. లాయర్ని కలవడం అరెస్టయినవాడి హక్కే, కాదనను, కానీ లాయర్ వచ్చేదాకా ఊదను అనే హక్కు ఈ చట్టంలో ఎక్కడా లేదు.

ఇక 205. మీరు బాగా చదవాల్సింది ఇదే. ఊదమంటే ఊదలేదు, లేదా రక్తం ఇమ్మంటే ఇవ్వలేదు అని రుజువైతే, దానికి తగిన కారణం మీరు చూపించకపోతే, ఆ నిరాకరణని పోలీసుల వైపు సాక్ష్యాన్ని బలపరిచే పరిస్థితిగా కోర్టు తీసుకోవచ్చు, మీ వైపు సాక్ష్యాన్ని కొట్టివేసే పరిస్థితిగా కూడా తీసుకోవచ్చు. మామూలు మాటల్లో చెప్పాలంటే, సాక్ష్యం పుట్టకుండా చేద్దామని మీరు నోరు మూసుకున్నారు, ఆ మూసుకున్న నోరే సాక్ష్యమైంది. 'వాసన వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట తడబడింది' అని ఎస్ఐ చెప్తే, మీరు 'లేదండీ, నేను బాగానే ఉన్నాను' అంటారు, అప్పుడు మేజిస్ట్రేట్ అడిగే మొదటి ప్రశ్న: బాగానే ఉంటే ఊదడానికి ఏమయింది?

తగిన కారణం అంటే ఆస్తమా, మూతికి దెబ్బ తగలడం లాంటివి, అది కూడా ఆ క్షణంలోనే చెప్పి, 'ఊదలేను, రక్తం తీసుకోండి' అని మీ అంతట మీరు అడిగి ఉంటే. 'మా బావ వద్దన్నాడు' అనేది ఆ లెక్కలోకి రాదు.

అయితే దీనికో హద్దు ఉంది, ఇది మీకు పనికొచ్చే మాట కాబట్టి జాగ్రత్తగా వినండి. నేరం ఏమిటంటే సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకి మించి ఆల్కహాల్ ఉండగా నడపడం. అది పరీక్షలో తేలాలి. పూర్వం ఆ సెక్షన్లో బ్రీత్ ఎనలైజర్ పరీక్ష ఒక్కటే రాసి ఉండేది, అందుకే 'రీడింగ్ లేదు, కేసు లేదు' అనే మాట లాయర్ల దగ్గర, బార్ల దగ్గర కూడా బాగా ప్రచారమైంది. 2019 సవరణలో 'లేబొరేటరీ పరీక్షతో సహా మరే ఇతర పరీక్షలోనైనా' అని కలిపారు, దాంతో ఆ తలుపు మూసుకుపోయింది. కానీ 205 అనేది ఉన్న సాక్ష్యానికి ఊతం ఇస్తుందే గానీ, లేని 30 మిల్లీగ్రాముల్ని పుట్టించదు. కాబట్టి మీ కేసు మొత్తం ఇప్పుడు కేజీహెచ్‌లో తీసిన ఆ రక్తం మీద ఆధారపడి ఉంది. రిపోర్టు 30 లోపు వస్తే, ఊదలేదన్న ఒక్క కారణం మీద 185 కింద శిక్ష వేయడం కష్టమని నా అభిప్రాయం. 30 దాటితే, ఊదకపోవడం వల్ల మీకు మిగిలింది ఒక రాత్రి స్టేషన్ కాపురమూ, కోర్టులో అదనంగా ఒక మచ్చా.

రెండు బీర్లే అన్నారు. అందరూ రెండే అంటారు, అది సరే. ఏ బీరు? 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు సీసా, ఏడెనిమిది శాతం అనుకుంటే, ఒక్క సీసాలోనే 36 నుంచి 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగవాడు అదొక్కటి గబగబా తాగితే 100 మిల్లీలీటర్ల రక్తంలో 70 మిల్లీగ్రాములు దాటవచ్చు. అంటే సగం సీసా దగ్గరే హద్దు దాటుతుందన్నమాట. ఒంట్లోంచి దిగడం గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున. 'ఊదకుండా లేటు చేస్తే ఈలోపు దిగిపోతుంది' అనే తెలివి కూడా ఉంది మన వాళ్లలో, చివరి గ్లాసు తాగి అరగంట కాకుండా బయల్దేరినవాడికి దిగడం కాదు కదా, ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, రోడ్డు మీద ఊదితే వచ్చే అంకె కన్నా స్టేషన్లో ఎక్కువ రావచ్చు.

టైముల సంగతి. 202లో ఒక మంచి నియమం ఉంది: 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలేయాలి. మిమ్మల్ని 11.20కి ఆపారు, 12.45కి రక్తం తీశారు, గంటా ఇరవై అయిదు నిమిషాలు. కాబట్టి ఆ దారి మీకు లేదు. అయినా కాగితాల మీద ఏ టైము రాశారో చూడాలి. అరెస్టు టైము, డాక్టరు చూసిన టైము, శాంపిల్ సీలు వేసిన టైము, ల్యాబ్‌కి చేరిన తేదీ, ఇవి ఒకదానితో ఒకటి కలవాలి. రక్తం తీసే ముందు చేతిని స్పిరిటుతో తుడిచారా, శాంపిల్లో సోడియం ఫ్లోరైడ్ లాంటి ప్రిజర్వేటివ్ వేశారా అనేవి కూడా మీ లాయరు అడుగుతారు, ఎందుకంటే స్పిరిటు కూడా ఆల్కహాలే, ప్రిజర్వేటివ్ లేని రక్తం సరిగా నిలవ ఉండదు. మీకు గుర్తున్నది ఈ రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, నెల తర్వాత గుర్తుండదు.

గొంతు పెంచానన్నారు. ఎంత పెంచారు? మాటల వరకే అయితే ఫర్వాలేదు గానీ, ఛార్జిషీటులో 185తో పాటు ఇంకేమైనా రాశారేమో చూడండి. పోలీసు విధికి అడ్డుపడ్డారంటే ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ చట్టంలో 221, మూడు నెలల దాకా జైలు గానీ 2,500 దాకా జరిమానా గానీ, రెండూ గానీ. చేయి వేశారంటే 132, అది రెండేళ్ల దాకా వెళ్తుంది, పాత ఐపీసీ 353 అన్నమాట. తాగి నడిపిన కేసుల్లో మనుషులు ఎక్కువగా మునిగేది మందు వల్ల కాదు, ఆ పది నిమిషాల నోటి దురుసు వల్ల. పైగా ఈ రోజుల్లో ఆ పది నిమిషాలూ ఎవరో ఒకరి ఫోన్లో వీడియోగా ఉంటాయి.

నేరం ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే పోతుందా అంటే, పోతుంది, కానీ మీరనుకున్నట్టు కాదు. ఇది హెల్మెట్ చలానా కాదు, 185 రోడ్డు మీద రాజీ చేసుకునే నేరాల జాబితాలో లేదు, మేజిస్ట్రేట్ ముందుకి వెళ్లాల్సిందే. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు గానీ 10,000 జరిమానా గానీ రెండూ గానీ, రెండోసారికి రెండేళ్ల దాకా జైలు గానీ 15,000 గానీ రెండూ గానీ. మొదటిసారి వాళ్లని ఎక్కువగా జరిమానాతో వదిలేస్తారు. మన ఊళ్లో బీచ్‌లో చెత్త ఏరమని శిక్ష వేసిన సందర్భమూ ఉంది, ఆదివారం పూట తెలిసినవాళ్లు చూస్తుండగా గోనెసంచి పట్టుకుని తిరగడం పదివేల కన్నా బరువైన శిక్షే. అయితే డబ్బు కట్టడం కన్నా పెద్ద సంగతి లైసెన్స్. శిక్ష పడితే కనీసం ఆరు నెలలు నడపకూడదని కోర్టు ఆర్డరు వేయాలని సెక్షన్ 20 చెప్తుంది, వేయొచ్చు అని కాదు, వేయాలని. దీనితో సంబంధం లేకుండా రవాణా శాఖ వాళ్లు కూడా సెక్షన్ 19 కింద మొదటి తప్పుకి మూడు నెలలు ఆపొచ్చు. దానికి ముందు మీ మాట వినాలి, కాబట్టి అక్కడి నుంచి నోటీసు వస్తే పక్కన పడేయకండి, వెళ్లి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఇక రెండోసారి దొరికితే లైసెన్స్ రద్దే.

అందుకే మొదటి వాయిదాకే 'ఒప్పుకుంటున్నానండీ' అనేయకండి. ముందు కాగితాల కాపీలు తీసుకోండి, ల్యాబ్ రిపోర్టు చూడండి. 30 చాలా దాటి ఉండి, కాగితాలు శుభ్రంగా ఉంటే అప్పుడు ఒప్పుకోవడమే మేలు, ఏళ్ల తరబడి వాయిదాలకి సెలవులు పెట్టుకోవడం దండగ. అంకె తక్కువగా ఉన్నా, తేదీలు కలవకపోయినా పోరాడండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, అర్హత ఉంటే ఉచితంగా లాయర్ని ఇస్తారు.

ఉద్యోగం గురించి: ప్రైవేటు కంపెనీ అయితే మీ అపాయింట్‌మెంట్ ఆర్డరులో, స్టాండింగ్ ఆర్డర్లలో (కంపెనీ సర్వీసు నియమాల్లో) క్రిమినల్ కేసు గురించి తెలియజేయాలని ఉందేమో చూడండి, ఉంటే దాచకండి. పాస్‌పోర్టు ఇప్పటికే ఉంటే ఈ కేసు వల్ల దానంతటదే ఊడిపోదు. కొత్తది లేదా రెన్యువల్ కావాలంటే మాత్రం, కోర్టులో కేసు పెండింగులో ఉండగా పాస్‌పోర్టు ఆఫీసు ఆపే అధికారం ఉంది, కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి రావచ్చు. జరిమానాతో కేసు ముగిసిపోతే ఆ అడ్డంకి పోతుంది, ఎందుకంటే శిక్ష పడినందుకు పాస్‌పోర్టు ఇవ్వకూడదనే నియమం రెండేళ్లు, ఆపైన శిక్ష పడిన నైతిక పతనం నేరాలకి సంబంధించినది. మీ బావ దగ్గరికి వెళ్లే ఆలోచన ఉంటే అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, అక్కడ నిజమే రాయండి.

బావ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఆయన ఉండే టెక్సస్‌లో ఊదనంటే, మొదటిసారికే, 180 రోజులు లైసెన్స్ ఆగిపోతుంది, తాగాడా లేదా అన్నది తేలకముందే. రోడ్డు మీద నడపడానికి లైసెన్స్ తీసుకున్నావంటే పరీక్షకి ముందే ఒప్పుకున్నట్టు అనేది అక్కడి లెక్క. పైగా పోలీసులు జడ్జి దగ్గర వారెంటు తెచ్చి రక్తం తీయిస్తారు. ఇక్కడ మిమ్మల్ని ముంచిన ఆ సలహా అక్కడ ఆయన్ని కూడా ముంచుతుంది, ఈసారి ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

కారుని ఎప్పుడు వదిలారో మీరు రాయలేదు, రోజూ నడుపుతున్నారు కాబట్టి తిరిగి ఇచ్చేసినట్టే. ఎవరి బండైనా ఇంకా స్టేషన్లోనే ఉంటే, తాగని మనిషికి బండి అప్పగించాలే తప్ప తాగి నడిపాడన్న ఒక్క కారణంతో సీజ్ చేయకూడదని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో పోలీసులు దానికి కట్టుబడి ఉండాలని లేదు, కానీ మేజిస్ట్రేట్ ముందు పిటిషన్ వేసేటప్పుడు చూపించుకోవచ్చు.

ఇన్సూరెన్స్ మాట కూడా ఒకటి, మీకు యాక్సిడెంట్ కాలేదు కాబట్టి సరిపోయింది. 2007లో ఢిల్లీలో ఒక పోర్షే కారు బోల్తా పడి తగలబడిన కేసులో డ్రైవరుకి ఊపిరి పరీక్షా లేదు, రక్తం పరీక్షా లేదు, ఆసుపత్రి కాగితంలో మందు వాసన అని మాత్రమే ఉంది. పరీక్ష లేనంత మాత్రాన తాగలేదని కాదు, మిగతా పరిస్థితుల్ని బట్టి కూడా తేల్చవచ్చు అని 2021లో సుప్రీంకోర్టు బీమా కంపెనీ వైపే తీర్పు ఇచ్చింది. రీడింగ్ లేకపోతే ఏమీ లేనట్టే అనుకునేవాళ్లకి ఇంత ఖరీదైన జవాబు ఇంకోటి లేదు.

వాయిదా రోజు పది గంటలకల్లా కోర్టు దగ్గర ఉండండి, ఆధార్ కాపీ, ఆ రసీదు, నోటీసు తెచ్చుకోండి, మళ్లీ పూచీ అడిగితే ఇబ్బంది లేకుండా మీ తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకోండి. కారు ఆయన నడిపితే సరే, లేకపోతే ఇద్దరూ ఆటోలో రండి.